పెద్దమ్మ దయ్యం పెట్టిన అభ్యంతరం

జమ్మలమడుగు గుడిలో పెండ్లి కావాలంటే ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదవాలి. ఫలానా వాడికి ఫలానా పిల్లను నిశ్చయించినారు, ఎవరికైనా అభ్యంతరమున్న యెడల తెలియజేయవలెను అని పాస్టరు అయ్యగారు చదివి, ఒక దగ్గు దగ్గి, తరువాతి కీర్తనకు పోతాడు. అభ్యంతరాలకు చోటు ఆ దగ్గు వరకే. అంతకంటే ఎక్కువ ఎప్పుడూ అవసరం పడలేదు. ఇండ్ల దగ్గర జుట్లు పట్టుకున్నవాళ్లు కూడా ఆ దగ్గు వినగానే బుద్ధిగా కీర్తనల పుస్తకం తిప్పుకునేవాళ్లు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, ఒక ఆదివారం, ఏలీయాకు దేవకుమారికి ప్రకటన చదివారు. అయ్యగారు ఇంకా దగ్గలేదు. ఆడవాళ్ల వైపు నుంచి అన్నమ్మ లేచి నిలబడింది.

"నాకుండాది," అన్నది.

అయ్యగారు దగ్గు మింగేశాడు. కీర్తన ఎత్తుకోబోయిన హార్మోనియం ఒక మూలుగు మూలిగి ఆగిపోయింది. వేరే ఎవరు లేచినా జనం ఇంత బిత్తరపోయేవాళ్లు కాదు. అన్నమ్మ ఏలీయాను పెంచిన పెద్దమ్మ. పులివెందులకు పోయి పిల్లను చూసి వచ్చిందీ, సరేనన్నదీ, పేటలో ఇంటింటికీ తిరిగి చెప్పిందీ ఆమే.

ఏమి అభ్యంతరమని అయ్యగారు అడిగాడు. చెప్పాల్సినదంతా ఆమె తెల్లవారుజాము నుంచి నోట్లో పొందికగా పెట్టుకునే వచ్చింది. తీరా గుడి నిండా ముఖాలు తన వైపు తిరిగేసరికి ఒక సంగతి తట్టింది. చెబితే తన పరువే పోతుంది. నిలబడింది కాబట్టి ఏదో ఒకటి అనాలి.

"వాడు దయ్యాలతో సావాసం చేస్తాండాడు," అని కూర్చుంది.

అది అబద్ధమూ కాదు. ఏలీయా పగలు ప్రొద్దుటూరులో బడిపంతులు, సాయంత్రమైతే 'గుడ్లగూబ' అనే మాసపత్రికకు భయంకరమైన సీరియళ్లు రాసేవాడు. ఆ పత్రికను నడిపేది మున్వర్. ఆయన ప్రెస్సులో పెండ్లి కార్డులు, పత్తి వ్యాపారుల బిల్లు పుస్తకాలు అచ్చయ్యేవి. మిగిలిన కాగితాన్ని పారేయబుద్ధి కాక మొదలుపెట్టిన పత్రిక అది. అందుకే ఒక నెల పసుప్పచ్చగా, ఒక నెల గులాబీ రంగులో వచ్చేది. భయంకరమైన హత్య కూడా గులాబీ రంగు మీదనే జరిగిపోయేది.

ఏలీయాకు ఈ దయ్యాల పిచ్చి పట్టించింది కూడా ఒక రకంగా అన్నమ్మే. తల్లీ తండ్రీ కలరాలో పోతే చంటిపిల్లవాణ్ణి తెచ్చుకుంది. ఆమె మిషను ఆసుపత్రిలో రోగులకు వండిపెట్టేది. వాణ్ణి బియ్యం మూట మీద కూర్చోబెట్టి పలక చేతికిచ్చేది. గిన్నెలు పట్టుకొని గంజి కోసం వరసలో నిలబడ్డవాళ్లు నోరు మూసుకొని నిలబడతారా, తమ ఊరి దయ్యాల గురించి చెప్పుకునేవాళ్లు. వల్లూరు దయ్యం చింతచెట్టు మీద ఉండేది. ఖాజీపేట దయ్యం దిగుడుబావిలో. గండికోట దయ్యమైతే బురుజు మీద నుంచి పెన్నా లోయలోకి దూకడం, మళ్లీ ఎక్కి మళ్లీ దూకడం. దానికి వేరే పని లేదు. కడుపునొప్పికి వచ్చినవాడు తమ దయ్యమే పెద్దదంటే, కాలు విరిగి వచ్చినవాడు ఒప్పుకునేవాడు కాదు. మాటలు ముదిరితే అన్నమ్మ గరిటెతో గంగాళం అంచు మీద రెండు దెబ్బలు కొట్టేది. మనుషులతో పాటు దయ్యాలు కూడా గమ్మున అయ్యేవి.

అక్కడ విన్నవాటినే ఏలీయా పెద్దయినాక కథలుగా రాసి మున్వర్ దగ్గరికి తీసుకుపోయాడు. తెల్లచీర, విరబోసుకున్న జుట్టు, వెనక్కి తిరిగిన పాదాలు. మున్వర్ ఒకటి చదివి, రెండోదాన్ని చదవకుండానే పక్కన పెట్టాడు.

"ఇట్లాంటివి మా సందులోనే శానా ఉండాయప్పా. ఎవురికి భయం? నీకు నిజంగా దేన్ని తలుసుకుంటే ఒణుకు పుడుతుందో దాన్ని రాయి."

ఏలీయా నిజాయితీ గల మనిషి. బస్సులో ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు దాకా ఆలోచించుకుంటూ వచ్చాడు. ఇంటి గడప దగ్గర, చెప్పులు ఎక్కడ విడవాలో పెద్దమ్మ చెబుతున్నప్పుడు, సమాధానం దొరికింది.

'పెద్దమ్మ దయ్యం' అట్లా పుట్టింది. దాని పాదాలు తిన్నగానే ఉంటాయి. జుట్టు గట్టిగా ముడి వేసుకుంటుంది. ఎవరి గొంతూ పిసకదు, నెత్తురు జోలికి పోదు. ఒక ఇంటి వంటింట్లో చేరుతుంది, అంతే. ఇల్లాలు పప్పు దించి రుచి చూడబోయేసరికి వెనక నుంచి గరిటె రెండు సార్లు మోగుతుంది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. గొంతు మాత్రం వినిపిస్తుంది: "అడిగేదానికి నేను ల్యాననుకుంటివా?"

ప్రొద్దుటూరు కోడళ్లు ఆ సీరియల్ చదివి వణికిపోయారు. మగవాళ్లకు అందులో భయపడేంత ఏముందో అర్థం కాలేదు. వాళ్లకు అర్థం కాకపోయినా పత్రిక అమ్ముడుపోయింది.

అన్నమ్మకు ఇదేమీ తెలియదు. బైబిలులో పెద్ద అక్షరాలు కూడబలుక్కోగలదు గానీ, గుడ్లగూబ అచ్చు ఆమె కంటికి చీమల బారు. మావాడు పుస్తకాలు రాస్తాండాడని చెప్పుకొని తిరిగేది. ఏం పుస్తకాలని అడిగితే, నీకు చెప్పినా తెల్దులే అనేది.

తెలిసింది బిస్మిల్లా బీ ఇంట్లో. పేట పక్క సందులో బిస్మిల్లా బీ బొంతలు కుట్టేది. నలుగురైదుగురు ఆడవాళ్లు బొంత చుట్టూ కూర్చుని తలా ఒక అంచు కుడుతుంటే, ఐదో తరగతి చదివిన ఆమె కోడలు మైమూన్ గుడ్లగూబ చదివి వినిపించేది. ప్రకటనకు ముందు రోజు, కొత్త దంపతులకు బొంత కుట్టించాలని అన్నమ్మ పాత చీరలు మూట కట్టుకొని అక్కడికి పోయింది. ఆమె లోపలికి రాగానే మైమూన్ చదవడం ఆపేసింది. సూదులు కూడా ఆగాయి.

"నీ పేరు శానా దూరం పోయిందిలే అన్నమ్మక్కా," అన్నది బిస్మిల్లా బీ. ఆమె కడుపులో మాట ఒక పూట కూడా నిలవదు.

"ఏం పేరు?"

"దయ్యం పేరు."

తరువాత మైమూన్‌తో చదివించారు. అన్నమ్మ నిలబడే విన్నది. కుంటి ఎడమకాలు తనది. బొడ్లో తాళాల గుత్తి తనది. గరిటె తనది. దయ్యమని రాసినందుకు ఆమెకు అంత కోపం రాలేదు, ఆమె ఏలీయాను అంతకంటే పెద్ద మాటలే అని ఉన్నది. ఆమెను కాల్చింది మాత్రం చివరి పేజీలో చిన్న గీతల పెట్టె కట్టి వేసిన మాట. వచ్చే నెల ఆ ఇంట్లో కొత్త కోడలు కాలు పెడుతుందట. పెద్దమ్మ దయ్యానికి కాలం చెల్లుతుందట.

"కోడలొస్తే దయ్యమైనా పోవాల్సిందే గదక్కా," అని బిస్మిల్లా బీ ఓదార్చింది.

అన్నమ్మ ఇచ్చిన చీరలు మళ్లీ చంకన పెట్టుకొని ఇంటికి వచ్చేసింది. ఏలీయా ప్రొద్దుటూరులో ఇల్లు చూసుకున్నాడు. నువ్వు గూడ వచ్చి మాతోనే ఉండు పెద్దమ్మా అని అన్నాడు. అప్పుడు ఎంత సంబరపడిందో ఇప్పుడు అంత అనుమానం. ఆ ఇంట్లో పొయ్యి ఒకటే. దాని ముందు ఇద్దరు కూర్చోలేరు. వాడు ముందే రాసి పెట్టుకున్నాడు, అచ్చుకు కూడా ఇచ్చేశాడు. నోట్లో ముద్ద పెట్టి పెంచింది తనను తరిమే దాన్ని తానే పోయి చూసుకొని వచ్చేదానికా? అందుకని ఆమె ఆ ఆదివారం లేచి నిలబడింది.

అభ్యంతరం వచ్చాక విచారణ జరగాలి. బుధవారం సాయంత్రం గుడి పక్క గదిలో సంఘ పెద్దలు కూర్చున్నారు. ఏలీయా ప్రొద్దుటూరు నుంచి పత్రికల కట్టతో వచ్చాడు. పులివెందుల నుంచి పిల్ల తండ్రి వెంకటయ్య వచ్చాడు. ఆయన అక్కడి గుడిలో వాక్యం చెప్పే ఉపదేశి. శవం దగ్గర కూడా ఆయన ముఖం ఇంత గంభీరంగా ఉండదు. వెంట దేవకుమారి కూడా వచ్చింది. నువ్వెందుకమ్మా అని ఎవరో అంటే, పెండ్లి ఎవురిదని తిరిగి అడిగింది. ఆమె కూడా బడిపంతులమ్మే, ఏలీయా మొదట పనిచేసిన పులివెందుల బడిలో.

చదవకుండా తీర్పు చెప్పకూడదని అయ్యగారు అన్నాడు. అయితే వాక్యం చదివే నోటితో దయ్యాల రాతలు చదవలేనన్నాడు. పెద్దలు కళ్లద్దాల కోసం జేబులు తడుముకున్నారు. ఏలీయాను చదవమంటే కట్టను బల్ల మీదికి తోశాడు. చివరికి దేవకుమారి కట్టలోంచి ఒక పచ్చ పుస్తకం తీసింది.

ఆ పిల్లకు ఒక దురలవాటు ఉంది. బడిలో సింహం పాఠం చెబితే సింహంలాగే అరుస్తుంది. దయ్యం మాట వచ్చేసరికి ఆమె నోట్లో నుంచి అచ్చంగా అన్నమ్మ గొంతే వచ్చింది. అన్నమ్మ పిల్లను చూడబోయిన రోజు ఎంతసేపు ఉన్నదని, ఎప్పుడు పట్టుకున్నదో ఏమో, 'అడిగేదానికి' అన్న మాట దగ్గర ముక్కుతో తీసే ఆ చిన్న ఊపిరితో సహా. పెద్దల్లో ఒకడైన ఆసుపత్రి కాంపౌండరు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఆయన పక్కనున్న పెద్దమనిషి పైకప్పు వైపు చూడడం మొదలుపెట్టాడు. కథలో ఒక మంత్రగాడు దయ్యాన్ని వెళ్లగొట్టడానికి వచ్చి పీట మీద కూర్చుంటాడు. దయ్యం అతనితో, మంత్రాలు తరువాత సదువుదువు గానీ ముందు చేతులు కడుక్కొని రా అంటుంది. ఆ మాట వినగానే అయ్యగారు తన చేతులు బల్ల కిందికి దించుకున్నాడు. పోయిన కోతపండుగ విందులో ప్రార్థన చేయబోతుంటే అన్నమ్మ నోట ఆయన విన్నది ఇదే.

అన్నమ్మ నిటారుగా కూర్చుని వింటున్నది. ఏదో ఘోరం వినబోతున్నానని గుండె గట్టి చేసుకొని వచ్చింది. వినేకొద్దీ సంగతి వేరేగా ఉంది. ఆ దయ్యాన్ని కదిలించడం ఎవరి వల్లా కాలేదు. మంత్రగాడు పోయాడు, ఫకీరు పోయాడు. ఇంటి యజమాని దయ్యం తినమన్నది తింటున్నాడు. పిల్లలు బొద్దుగా అయ్యారు. ఇంత పద్ధతిగా ఇల్లు నడిపే మనిషి పేటలో ఇంకొకరు ఉన్నారా? ఆమె గడ్డం కొంచెం కొంచెంగా పైకి లేచింది. దేవకుమారి పేజీ తిప్పింది. దయ్యం చెనక్కాయల ఊరుబిండి పచ్చడి నూరే ఘట్టం వచ్చింది. గుప్పెడు చింతపండు వేసిందని చదివింది.

"గుప్పెడా?" అన్నది అన్నమ్మ ఏలీయాతో. "నేనెప్పుడేసినానురా గుప్పెడు? నిమ్మకాయంతైనా ఎప్పుడన్నా ఏసినానా?"

కాంపౌండరు నవ్వు ఇక తువ్వాలుకు ఆగలేదు. పైకప్పు చూస్తున్నాయన కింద పడినంత పని చేశాడు. అయ్యగారు బల్ల మీద తల పెట్టుకుంటే భుజాలు అదురుతున్నాయి. గుడిలో అంతమంది ముందు దాచుకున్న మాటను తానే, ఎవరూ అడగకుండా, చింతపండు కోసం బయట పెట్టుకున్నానని అన్నమ్మకు అప్పుడు తెలిసింది.

ఆమె వాళ్లను నవ్వనిచ్చింది. తరువాత లేచి నిలబడింది.

"సరే, నేనే. నవ్వింది సాలు. ఆ కొత్త కోడలొచ్చి నన్నేం చేస్తుందో అది చెప్పురా."

నవ్వు ఆగిపోయింది. ఆమె ఆదివారం ఎందుకు లేచిందో ఒక్కొక్కరికి అర్థమవుతూ వచ్చింది. ఏలీయా నేల చూపులు చూస్తూ చెప్పాడు. మున్వర్ వచ్చే సంచికతో ముగించమన్నాడు, అందుకని తాను అట్లా రాశాడు. కోడలు మొదటి రోజే ఎంత బాగా వండుతుందంటే దయ్యానికి వంక పెట్టడానికి ఏమీ దొరకదు. సిగ్గుపడి పెన్నా ఇసుకలో నడుచుకుంటూ వెళ్లిపోతుంది.

అన్నమ్మ ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం పేటలో ఎవరూ చూసి ఎరగరు. ఏలీయాకు తాను రాసిన దయ్యం కంటే ఆ మౌనమే ఎక్కువ భయం పుట్టించింది.

దేవకుమారి పుస్తకం మూసింది.

"అదెట్లయితాదత్తా? నాకు సంగటి కెలకనే రాదు. మా నాయన్ను అడుగు."

వెంకటయ్య అప్పటిదాకా నోరు విప్పలేదు. ఇప్పుడు ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పేవాడిలాగా చేయి పైకెత్తి, గడ్డలు గడ్డలుగా ఉంటాదన్నాడు. పాపం, ఎన్నేండ్ల నుంచి మింగుతున్నాడో, ఆ మాట చెప్పాక ముఖం తేలికపడింది.

"ఈయన రాసిన కోడలెవురో నాకు తెల్దు," అన్నది దేవకుమారి ఏలీయా వైపు చూసి. "దయ్యం ల్యాని ఇంటికి మాత్రం నేను రాను. రోజూ కూడెవురు వండుతారు?"

అన్నమ్మ ఆ పిల్లను ఎగాదిగా చూసింది. పులివెందులలో చూసినప్పుడు ముఖం, నడక, చదువు చూసింది గానీ ఈ సంగతి అడగనే లేదు.

"ఉప్పెంతేస్తావు?"

"చేతికొచ్చినంత."

అన్నమ్మ కళ్లు మూసుకొని తెరిచింది. ఆమె ముఖంలో అసహ్యం ఎంత ఉన్నదో సంతోషం అంత ఉన్నది.

"రాసుకో అయ్యా, అభ్యంతరం తీసేస్తాండా. ఒక షరతు. ఆ దయ్యాన్ని ఎవురూ తరమగూడదు. వచ్చే నెలే గాదు, ఏ నెలా తరమగూడదు."

ఏలీయా సరేనన్నాడు. అయ్యగారు కలం పట్టుకొని చాలాసేపు ఆలోచించాడు. దయ్యమును వెళ్లగొట్టరాదు అని సంఘం పుస్తకంలో ఎట్లా రాస్తాడు? చివరికి, ఇంటి విషయంలో పూర్వపు ఏర్పాటే కొనసాగవలెను అని రాసి పెద్దలతో సంతకాలు చేయించాడు.

ఏలీయా మరునాడే ప్రొద్దుటూరుకు పరుగెత్తాడు. మున్వర్ అప్పటికే అక్షరాలు పేర్చి మిషను మీదికి ఎక్కించబోతున్నాడు. దయ్యం కోసం పేర్చిన అక్షరాలు ఊడదీయనన్నాడు. అందులో నా పెండ్లి ఉండాదని ఏలీయా బతిమాలాడు. మున్వర్ తిట్టుకుంటూ పెన్నా ఇసుకనంతా అక్షరం అక్షరంగా ఊడదీసి గళ్లల్లో వేశాడు. తరువాతి ఆదివారం రెండో ప్రకటన చదివి అయ్యగారు దగ్గలేదు. అన్నమ్మ వైపు చూశాడు. ఇంగ పోనీయయ్యా అన్నట్టు ఆమె చెయ్యి ఊపింది. పెండ్లి విందు వండింది ఆమే. పెండ్లికూతుర్ని పొయ్యి దగ్గరికి రానివ్వలేదు.

మరుసటి ఏడు ఏలీయా, దేవకుమారి బదిలీ పెట్టుకొని జమ్మలమడుగుకే వచ్చేశారు. అన్నమ్మ పొద్దున ఆసుపత్రిలో, సాయంత్రం వాళ్లింట్లో. రెండు చోట్లా గరిటె ఆమెదే.

ఇచ్చిన మాట మీద ఏలీయా రాత ఎట్లెట్లా తిరిగిందో అతనికే తెలుసు. రష్యావాళ్లు కుక్కను ఆకాశంలోకి పంపినాక టీ అంగళ్లలో దయ్యాల మాటెత్తేవాడు లేకుండా పోయాడు. ఇంగ రాకెట్లు రాయప్పా, పెద్దమ్మను దించేయి అన్నాడు మున్వర్. దించడానికి లేదు. అందుకని గండికోట లోయలో నుంచి లేచిన రాకెట్‌లో, సామాన్ల గదిలో పెద్దమ్మ దయ్యం కూడా పోయింది. అందరూ చదువుకొని సైన్సు రచయితలవుతారు, ఏలీయా షరతుకు ఒప్పుకొని అయ్యాడు.

చంద్రమండలం సీరియల్ మైమూన్ చదవగా విని అన్నమ్మ మండిపడింది. అక్కడికి పోయినవాళ్లు మాత్రలు మింగి బతుకుతున్నారట. నన్ను అంత దూరం తీసకపోయి మాత్రలు మింగిస్తావా అని అడిగింది. పొయ్యి పెట్టాలి. పొయ్యి మండాలంటే గాలి కావాలి, చంద్రుడి మీద గాలి లేదు. ఏలీయా ఊళ్లో దొరికిన సైన్సు పుస్తకాలన్నీ తిరగేసి, కొండంత గాజు బుడ్డి బోర్లించి, లోపల గాలి నింపి, పొయ్యి పెట్టించాడు. ఆ గాజు ఊరు చూసి పాఠకులు ఇతని తెలివికి ఆశ్చర్యపోయారు. అది ఒక పొయ్యి కోసం కట్టిన ఊరని వాళ్లకు తెలియదు. తరువాత కుజగ్రహానికి పోయారు. ఎర్రనేల, నీళ్లు లేవు, సుడిగాలులు ఎక్కువ అని చదివితే, పులివెందుల పక్క పోతే సాలదా, ఇంత దూరం పోవాల్నా అన్నది అన్నమ్మ. ఒక నవలలో వంట చేసే యంత్రమనిషి వచ్చాడు. పెద్దమ్మ దయ్యం పెట్టే వంకలు తట్టుకోలేక మూడో ప్రకరణంలో తనంతట తాను మరలు విప్పేసుకున్నాడు.

చివరికి మున్వర్‌కు పెండ్లి కార్డుల పనే ఎక్కువై, గుడ్లగూబను మూసేద్దామనుకున్నాడు. ఆఖరి సంచికలో పెద్దమ్మకు ఒక ముగింపు ఇయ్యమన్నాడు. మాట మాటే కాబట్టి ఏలీయా అడగడానికి పోయాడు. అన్నమ్మ ముసలిదైంది. చూపు మందగించింది, చేతిలో గరిటె మాత్రం వదల్లేదు. అతను చెప్పినదంతా విన్నది.

"నేను బతికుండగా దాన్ని సంపొద్దు," అన్నది.

"సరే పెద్దమ్మా."

"నేను పోయినాక అసలే సంపొద్దు."

ఏలీయా అట్లాగే వదిలేశాడు. ఆఖరి సంచికలో సమాప్తం అన్న మాట లేకుండానే కథ ఆగింది. వల్లూరు నుంచి, ఖాజీపేట నుంచి వచ్చే రోగులు గంజి వరసలో ఇంకా దాని గురించే మాట్లాడుకుంటారు. పెద్దమ్మ కుజగ్రహం మీదనే ఉండిపోయిందని ఒకరు, లేదు తిరిగి వచ్చిందని ఇంకొకరు. కొత్తగా వచ్చినవాళ్లు అన్నమ్మను చూసి, అవ్వా, ఆ దయ్యం నువ్వేనంట గదా అని అడుగుతారు. మాటలు మరీ పెరిగితే ఆమె గంగాళం అంచు మీద గరిటెతో రెండు దెబ్బలు కొడుతుంది. వరస తిన్నగా నిలబడుతుంది.